ఒకే రైలు దారి, రెండు డౌన్‌టౌన్‌లు: మినియాపొలిస్, సెయింట్ పాల్

1965 మే నెలలో రెండు వారాల పాటు అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక టైము, దాని పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో మరో టైము నడిచాయి. వేసవి కోసం గడియారాలను గంట ముందుకు జరపడానికి రాష్ట్ర చట్టం చెప్పిన తేదీ వరకు ఆగుదామని మినియాపొలిస్ అంటే, దేశంలో మిగతా నగరాలతో పాటే మనమూ జరుపుకుందామని సెయింట్ పాల్ పట్టుబట్టింది. వీధి దాటితే ఊరు మారిపోయేంత దగ్గరగా ఉన్న నగరాలివి. మినియాపొలిస్‌లో కాపురముంటూ సెయింట్ పాల్‌లో ఉద్యోగం చేసేవాడు ఆ రెండు వారాలూ పొద్దున ఒక గంట పోగొట్టుకుని, సాయంత్రం ఇంటికి తిరిగొస్తూ అదే గంటను రాబట్టుకున్నాడు. జంట నగరాలనగానే మనకు హైదరాబాద్, సికింద్రాబాద్ గుర్తుకు రావడం సహజమే కానీ, సికింద్రాబాద్ మునిసిపాలిటీ 1960లోనే హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మినెసోటా రాష్ట్రంలోని ఈ జంటకు మాత్రం ఇప్పటికీ ఇద్దరు మేయర్లు, రెండు కౌన్సిళ్లు, రెండు డౌన్‌టౌన్‌లు ఉన్నాయి.

ఈ పంతం గడియారాలతో మొదలైంది కాదు. 1890 జనాభా లెక్కలప్పుడు మినియాపొలిస్ లెక్కల సిబ్బంది, అసలు లేనే లేని మనుషుల పేర్లు రాసుకుంటున్నారని సెయింట్ పాల్ వాళ్లు ఫిర్యాదు చేస్తే, ఫెడరల్ అధికారులు వచ్చి కొందరిని కాగితాలతో సహా పట్టుకుపోయారు. తీరా మళ్లీ లెక్కపెట్టేసరికి రెండు ఊళ్లూ దొంగలెక్కలే రాశాయని తేలింది. మినియాపొలిస్ ఖాతా నుంచి 18,229 మందిని, సెయింట్ పాల్ ఖాతా నుంచి 9,425 మందిని కొట్టివేశారు. రైల్వే స్టేషన్‌ను నివాస గృహంగా చూపించి అందులో వందల మందిని చేర్చిన ఘనత ఫిర్యాదు చేసిన సెయింట్ పాల్‌దే.

మా పెద్దమ్మగారి అబ్బాయి కుటుంబం చాలా ఏళ్లుగా అక్కడే స్థిరపడింది. అన్నయ్య ఆఫీసు మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో, వదిన ఉద్యోగం సెయింట్ పాల్‌లోని రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో. అందువల్ల వాళ్లింట్లో భోజనాల దగ్గర ఈ పోటీ ఒక పక్క నడుస్తూనే ఉంటుంది. అక్టోబరు చివర్లో, చెట్లు ఆకులన్నీ రాల్చేసి చలి ఇంకా ముదరని రోజుల్లో, నేను షికాగో నుంచి బోరియాలిస్ రైలెక్కి అక్కడికి వెళ్లాను. 2024 మేలో మొదలైన ఈ రైలు షికాగోలో పొద్దున బయల్దేరి, మిల్వాకీ మీదుగా విస్కాన్సిన్‌ను అడ్డంగా దాటి, లా క్రాస్ దగ్గర మిసిసిపీ నదిని అందుకుంటుంది. అక్కడి నుంచి గట్టు వెంట సాగే దారి ఈ ప్రయాణంలోకెల్లా మంచి భాగం కాబట్టి, ఎక్కేటప్పుడే కుడివైపు కిటికీ చూసుకుని కూర్చోవడం మంచిది. "రెండూ తిరిగి చూసి నిజం చెప్పు తమ్ముడూ, మొహమాటపడకు" అని అన్నయ్య ముందే షరతు పెట్టాడు.

రెండు నగరాల తేడాకు మూలం నదిలోనే ఉంది. మిసిసిపీ మీద దక్షిణం నుంచి వచ్చే ఆవిరి పడవలు సెయింట్ పాల్ రేవు దాకా సులువుగా రాగలిగేవి. ఆపైన లోయ ఇరుకై, ప్రవాహం ఉరవడి పెరిగి, సెయింట్ ఆంథొనీ జలపాతం అడ్డుపడేది. పడవలు ఆగిన చోట వర్తకం, రాజధాని, చర్చి, రైల్వే వచ్చి సెయింట్ పాల్ అయితే, నీళ్లు దూకిన చోట కోత మిల్లులు, పిండి మరలు వచ్చి మినియాపొలిస్ అయింది. ఇప్పుడు ఆ ఆవిరి పడవలూ లేవు, మరలూ తిరగడం లేదు. అయినా ఒకటి అధికారుల ఊరుగా, మరొకటి కంపెనీల ఊరుగా తయారైన తీరు ఆనాటి నుంచి వచ్చిందే. ఆ తేడా భవనాల్లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో నా నడక నికొలెట్ మాల్ నుంచి మొదలైంది. దీని పుట్టుకకు కారణం పక్కనే ఉన్న ఇడైనా అనే శివారు. అక్కడ 1956లో విక్టర్ గ్రుయెన్ రూపొందించిన సౌత్‌డేల్ తెరుచుకుంది. పైకప్పుతో పూర్తిగా మూసి, లోపల శీతోష్ణాన్ని అదుపులో ఉంచిన ఆధునిక షాపింగ్ మాల్‌లలో దేశంలో మొదటిది అదే. మంచులో తడవకుండా కొనుక్కునే వీలున్నప్పుడు డౌన్‌టౌన్‌కు ఎవరు వస్తారన్న భయం వ్యాపారులను పట్టుకుంది. ఆ భయంలో నుంచి రెండు పనులు జరిగాయి. 1967లో లారెన్స్ హాల్ప్రిన్ నికొలెట్ అవెన్యూ నుంచి కార్లను తప్పించి దాన్ని నడకదారిగా మలిచాడు. అంతకు ముందే, 1962లో, రెండు భవనాలను రెండో అంతస్తులో కలుపుతూ వీధి మీద గాజు వంతెన కట్టారు. అదే మొదటి స్కైవే. ఇప్పుడవి దాదాపు తొమ్మిదిన్నర మైళ్ల పొడవున ఎనభై బ్లాకుల దాకా అల్లుకున్నాయి.

ఈ స్కైవేల్లో నడుస్తుంటే మనం చూస్తున్నది నగరాన్నా, ఒకదానికొకటి తగిలించిన ఆఫీసు వరండాలనా అన్న అనుమానం వస్తుంది. ఎవరి భవనం దగ్గర వంతెనను వాళ్లే కట్టుకున్నారు కాబట్టి ఒకటి ఇనుప కమ్మీలతో, ఒకటి కమానుతో, మరొకటి నల్లటి గాజుతో ఉంటుంది. ఏ తలుపు ఎప్పుడు మూస్తారో ఆ భవనం యజమాని ఇష్టం. మధ్యాహ్న భోజన వేళ జనం పలుచని చొక్కాలతో హడావిడిగా తిరుగుతుంటారు. కింద వీధిలోకి చూస్తే బస్సు కోసం నిలబడ్డ నలుగురైదుగురు తప్ప ఎవరూ ఉండరు. మైనస్ ఇరవై డిగ్రీల జనవరిలో ఉద్యోగానికి వెళ్లవలసిన వాళ్లను చూసి స్కైవే ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. అయినా, వీధిలో ఉండవలసిన దుకాణాలనూ మనుషులనూ రెండో అంతస్తుకు ఎత్తుకుపోయిన నగరం, ఎండ బాగా కాసే జూన్‌లో కూడా వాటిని కిందికి దించలేకపోయిందన్నది కంటికి కనిపించే నిజం.

ఈ దారులు కలిసే చోట ఐడీఎస్ సెంటర్ ఉంది. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్గీ కట్టిన ఈ 792 అడుగుల నీలిగాజు భవనం 1970ల మొదట్లో పూర్తయింది. ఇప్పటికీ మినెసోటాలో ఇదే ఎత్తయినది. నాలుగు మూలలూ చదరంగా కోసేయకుండా మెట్లు మెట్లుగా లోపలికి తీసుకున్నారు. దాని వల్ల ఒక్కో అంతస్తులో మూల గదుల సంఖ్య ముప్పై రెండుకు పెరిగింది. అధికారులందరికీ రెండు వైపులా కిటికీలున్న గది దొరకాలన్న కార్పొరేట్ కోరిక, గాజు గోడ మీద వెలుగు విరిగి పడే అందంగా మారడం నాకు భలే నచ్చింది. అడుగున క్రిస్టల్ కోర్ట్ అనే విశాలమైన ఆవరణ, దాని మీద తెల్లటి చట్రాల్లో అంచెలంచెలుగా లేచే గాజు కప్పు ఉన్నాయి. ఏమీ కొనకుండా, ఎవరూ అదిలించకుండా ఎంతసేపైనా కూర్చోగలిగిన చోటు మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో నాకు ఇదొక్కటే కనిపించింది.

దాని నీడలో ఫోషే టవర్ చిన్నదైపోయింది కానీ, కథలో మాత్రం అదే పెద్దది. విల్బర్ ఫోషే అనే వ్యాపారి వాషింగ్టన్ స్మారక స్తంభం మీది మోజుతో, పైకి పోయేకొద్దీ సన్నబడే 32 అంతస్తుల భవనాన్ని కట్టించి, నెత్తిన నాలుగు వైపులా తన ఇంటిపేరును పదడుగుల అక్షరాలతో పెట్టించుకున్నాడు. 1929 ఆగస్టు చివర్లో ప్రారంభోత్సవానికి, కవాతు సంగీతానికి పేరుమోసిన జాన్ ఫిలిప్ సూసా చేత ప్రత్యేకంగా ఒక కవాతు సంగీతం రాయించి, ఆయన బృందం చేతనే వాయింపజేశాడు. ఆ తర్వాత రెండు నెలలకే స్టాక్ మార్కెట్ కూలింది. సూసాకిచ్చిన 20,000 డాలర్ల చెక్కు చెల్లలేదు. బాకీ తీరేదాకా ఆ సంగీతాన్ని ఎవరూ వాయించడానికి వీల్లేదని సూసా కట్టడి చేశాడు. ఫోషే మోసం కేసులో జైలుకు వెళ్లాడు. భవనం ఇప్పుడు హోటలైంది. పై వరండా నుంచి చూస్తే ఊరు అన్ని దిక్కులా కనిపిస్తుంది కానీ, ఆ ఎత్తున చలిగాలికి అయిదు నిమిషాలకు మించి నిలబడటం కష్టం.

మినియాపొలిస్‌లో చూడదగ్గవాటితో పాటు, చూడటానికి మిగలనివాటి గురించి కూడా చెప్పుకోవాలి. 1950ల చివర నుంచి 1960ల మధ్య దాకా నదికి దగ్గరలోని గేట్‌వే ప్రాంతంలో దాదాపు 200 భవనాలను నగరమే పునర్నిర్మాణం పేరుతో నేలమట్టం చేసింది. డౌన్‌టౌన్‌లో ఇంచుమించు నలభై శాతం అలా పోయింది. సారా దుకాణాలు, చవక లాడ్జీలు తొలగించాలన్నది ఉద్దేశం. వాటితో పాటు 1890లో కట్టిన మెట్రోపాలిటన్ బిల్డింగ్ కూడా పోయింది. పన్నెండు అంతస్తుల రాతి కట్టడం, లోపల పై నుంచి కింది దాకా వెలుతురు దిగే ఖాళీ, దాని చుట్టూ గాజు పలకలు పరిచిన ఇనుప నడవలు అన్నీ ఫొటోల్లోనే మిగిలాయి. కాపాడుకోవాలని పోరాడినవాళ్లు ఉన్నా, 1961లో మొదలైన కూల్చివేత ఆగలేదు. 1914 నాటి గ్రేట్ నార్తర్న్ రైల్వే స్టేషన్‌నూ 1978లో పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఉంది.

ఆ ఖాళీల్లో లేచినవాటిలో కొన్ని మంచివే. నికొలెట్ చివర మినోరు యమసాకి 1960ల మధ్యలో ఒక బీమా కంపెనీకి కట్టిన భవనం సన్నటి తెల్ల స్తంభాల మంటపంతో హుందాగా నిలబడి ఉంది. న్యూయార్క్ ట్విన్ టవర్లు కట్టింది కూడా ఈయనే. అక్కడికి దగ్గరలోనే గున్నార్ బర్కర్ట్స్ 1973లో ఫెడరల్ రిజర్వ్ కోసం కట్టిన పాత భవనం ఉంది. రెండు చివర్లా రెండు బురుజులు లేపి, వాటి మధ్య వేలాడే ఉక్కు కేబుళ్లకు అంతస్తులన్నిటినీ దండెం మీద బట్టల్లా తగిలించారు. కింద నేలను ఖాళీగా వదిలేశారు. కేబుల్ ఒంపు గాజు ముఖం మీద స్పష్టంగా తెలుస్తుంది. నిర్మాణ శాస్త్రపరంగా సాహసమే, కాదనను. కానీ ఆ మైదానంలో నిలబడితే, అంత సాహసం చేసి మిగిల్చిన నేల మీద ఏం చేయాలో ఎవరికీ తోచలేదనిపించింది.

పాత మినియాపొలిస్ ఎలా ఉండేదో చూడాలంటే సిటీ హాల్‌కు పోవాలి. ఆర్టన్‌విల్ గులాబీ గ్రానైట్ దిమ్మెలతో రెండు దశాబ్దాల పాటు కట్టి 1909లో పూర్తిచేసిన ఈ భవనం గడియారపు బురుజు ఎత్తు 345 అడుగులు. లోపల మిసిసిపీ నదిని గడ్డపు ముసలివాడిగా మలిచిన పెద్ద చలువరాతి విగ్రహం ఉంది. దాని కాలి బొటనవేలు తడిమితే అదృష్టమంటారు. వేలు నున్నగా మెరుస్తోంది.

మినియాపొలిస్‌ను నేను మెచ్చుకున్నది మాత్రం డౌన్‌టౌన్ నడిబొడ్డున కాదు, నది ఒడ్డున. 1880 నుంచి 1930 దాకా ప్రపంచంలో మరే ఊరూ మర పట్టనంత గోధుమ పిండి ఇక్కడ పట్టారు. అక్కడి వాష్‌బర్న్ 'ఏ' మిల్లు 1878 మే 2న పిండి ధూళికి నిప్పంటుకుని పేలిపోయింది. 18 మంది చనిపోయారు. మళ్లీ కట్టిన మిల్లు కూడా మూతపడి, 1991లో మంటల్లో కాలిపోయింది. గేట్‌వేను చదును చేసిన నగరమే ఈసారి కాలిన గోడలను కూల్చలేదు. పైకప్పు లేని సున్నపురాతి గోడలను ఉక్కు చట్రాలతో నిలబెట్టింది. వాటి మధ్యలో మినెసోటా హిస్టారికల్ సొసైటీ గాజు గోడలతో మ్యూజియం కట్టి 2003లో తెరిచింది. శిథిలాల ఆవరణలో నిలబడితే కిటికీ కన్నాల్లో నుంచి ఆకాశం కనిపిస్తుంది. మసి పట్టిన రాయి, వంకరపోయిన ఇనుము అలాగే ఉన్నాయి. లోపల ఎనిమిది అంతస్తుల ఎత్తున్న పెద్ద లిఫ్టులో కూర్చోబెట్టి, ఒక్కో అంతస్తు దగ్గర ఆపుతూ, మిల్లులో పని ఎలా సాగేదో చూపిస్తారు. ఇంతటి జాగ్రత్త ముప్పై ఏళ్ల ముందే వచ్చుంటే ఈ ఊరి కథ మరోలా ఉండేది.

పక్కనే జాన్ నువెల్ 2006లో కట్టిన గత్రీ థియేటర్, ముదురు నీలం రేకుల గోడలతో, మరల కోసం ధాన్యం నిల్వచేసిన సైలోలతో భుజం కలుపుతూ నిలబడి ఉంది. దాని నుంచి నదివైపుకు, కింద ఏ ఆధారమూ లేకుండా 178 అడుగులు చొచ్చుకొచ్చిన నడవ ఒకటుంది. దాని చివర నిలబడితే జలపాతం, అవతలి ఒడ్డున 1881 నాటి పిల్స్‌బరీ మిల్లు, నది మీద ఒంపు తిరిగిన స్టోన్ ఆర్చ్ వంతెన ఒకే చూపులో వస్తాయి. ఆ వంతెనను 1883లో రైల్వే యజమాని జేమ్స్ జె. హిల్ కట్టించాడు. రాతి కమానుల మీద రైలును నది మధ్యలో మలుపు తిప్పడం అప్పట్లో పిచ్చి పనిగా జనం ఎగతాళి చేశారట. 1994 నుంచి అది పాదచారులది, సైకిళ్లది. దాని మీద నడుస్తూ వెనక్కి చూసినప్పుడే మినియాపొలిస్ భవనాలు ఒక వరసగా కుదురుకుని అర్థమవుతాయి. ఆ నగరం దూరం నుంచి చూడటానికి పుట్టినదని నాకనిపించింది.

రెండు డౌన్‌టౌన్‌లనూ కలిపేది గ్రీన్ లైన్. 2014 జూన్‌లో మొదలైన ఈ లైట్ రైల్ పదకొండు మైళ్లే అయినా, సిగ్నళ్ల దగ్గర కార్లతో పాటు ఆగుతూ ముప్పావు గంటకు పైగా తీసుకుంటుంది. నది దాటుతుండగా గట్టు మీద ఫ్రాంక్ గేరీ 1993లో కట్టిన వైస్‌మన్ మ్యూజియం స్టీలు ముఖం తళుక్కుమంటుంది. ఆ తర్వాత యూనివర్సిటీ అవెన్యూ పొడవునా లావోస్ నుంచి వలస వచ్చిన మోంగ్ జాతివాళ్ల అంగళ్లు, వియత్నామీ అంగళ్లు వస్తాయి. ఈ దారికి దక్షిణంగా, ఇంచుమించు సమాంతరంగా ఇంటర్‌స్టేట్ 94 అనే ఫ్రీవే పోతుంది. దాన్ని వేసేటప్పుడు 1950, 60లలో సెయింట్ పాల్ నల్లజాతివారి పేట రాండోను నిలువునా చీల్చి వందల కుటుంబాలను లేవగొట్టారు. మినియాపొలిస్ కూల్చుకుంది, సెయింట్ పాల్ కాపాడుకుంది అని చెప్పేవాళ్లు రాండో పేరు ఎత్తరు.

రైలు చివరి స్టేషన్ యూనియన్ డిపో. 1920లలో పూర్తయిన ఈ స్టేషన్ ముందు బారులు తీరిన డోరిక్ స్తంభాలు, లోపల ఎత్తయిన నిరీక్షణ మందిరం ఉన్నాయి. 1971లో రైళ్లు ఆగిపోయి, నాలుగు దశాబ్దాల తర్వాత బాగుచేసి తెరిచారు. నేను షికాగో నుంచి వచ్చి దిగిందీ ఇక్కడే అయినా, అప్పటికి చీకటి పడటంతో సరిగా చూడలేదు. దాని చుట్టూ లోయర్‌టౌన్, అంటే జేమ్స్ హిల్ కాలపు ఇటుక గోదాములు. కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు పోటీ నగరానికి చేరిపోవడం వల్లే అవి మిగిలాయన్నది నా అంచనా. చాలావాటిని చిత్రకారుల ఇళ్లుగా, స్టూడియోలుగా మార్చారు. అయితే అన్నీ బతికిపోలేదు. 1885 నాటి రైయన్ హోటల్‌ను 1962లో, మెట్రోపాలిటన్ బిల్డింగ్ పోయిన రోజుల్లోనే పడగొట్టారు.

సెయింట్ పాల్ వీధులు ఇరుకు, వంకర. గవర్నర్‌గా ఉన్నప్పుడు జెస్సీ వెంచురా 1999లో ఒక టీవీ కార్యక్రమంలో, ఈ వీధులు వేసింది తాగిన ఐరిష్ వాళ్లయి ఉంటారని నోరుజారి, ఊరందరి చేతా తిట్లు తిన్నాడు. నాకైతే ఆ వంకరలే నచ్చాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ ఎదురుగా ఏదో ఒక భవనం వచ్చి నిలబడుతుంది. స్కైవేలు ఇక్కడా ఉన్నాయి కానీ వాటిని నగరమే కట్టించి, అన్నిటికీ ఒకే నమూనా పెట్టింది. వాటిలోనూ జనం తక్కువే. మహమ్మారి తర్వాత ఆఫీసులు ఖాళీ అయి, కొన్ని భవనాలను ఇళ్లుగా మారుస్తుంటే, కొన్ని తాళాలతోనే ఉన్నాయి. నడిరోడ్డు మీద మధ్యాహ్నం పన్నెండింటికి నా అడుగుల చప్పుడు నాకే వినిపించిందంటే అతిశయోక్తి కాదు. "ఊళ్లో మనుషులు లేరంటే భవనాలు బాగా కనిపిస్తాయి కదా" అని వదిన సమర్థించుకుంది.

వదిన మధ్యాహ్నం సెలవు పెట్టి స్వయంగా తీసుకెళ్లిన చోటు నగర, కౌంటీ కోర్టు భవనం. బయటి నుంచి చూస్తే బూడిద రంగు సున్నపురాతి ఇరవై అంతస్తులు, నిలువు గీతలు, అంతే. 1928లో దీనికి నలభై లక్షల డాలర్లు మంజూరు చేసుకున్నారు. తర్వాతి ఏడాది ఆర్థిక మాంద్యం వచ్చి రాళ్లు, కలప, కూలీ అన్నీ చవకయ్యాయి. మిగిలిన డబ్బంతా లోపలి సొగసుకు పోసి 1932లో పూర్తిచేశారు. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే మూడంతస్తుల ఎత్తున సన్నటి పొడుగాటి మందిరం. గోడలు నీలిచాయ గల నల్లటి బెల్జియం చలువరాయి, కప్పు బంగారు ఛాయ అద్దం. అంత చీకటి మధ్య, చివర ఒక్కచోటే వెలుగు. కార్ల్ మిల్లెస్ అనే స్వీడిష్ శిల్పి తెల్లటి మెక్సికన్ ఓనిక్స్ రాతితో చేసిన అరవై టన్నుల శాంతి విగ్రహం అక్కడుంది. పాదాల దగ్గర నిప్పు చుట్టూ కూర్చుని పొగ గొట్టాలు పట్టుకున్న ఆదివాసులు, ఆ పొగలో నుంచి లేచిన దేవుడు. విగ్రహం పీఠంతో సహా అటూ ఇటూ తిరుగుతుంది, కానీ కంటికి తెలియనంత నెమ్మదిగా. పక్కన బెంచీ మీద కేసు కోసం వచ్చిన ఒకాయన కాగితాలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. మేము ఒక అరగంట అక్కడ తిరిగి వచ్చేసరికి దేవుడి ముఖం ఆయన వైపు నుంచి కాస్త పక్కకు జరిగింది. ఇంత గొప్ప గదిని ఆస్తి పన్నుల తగాదాలకూ విడాకులకూ వచ్చే మామూలు జనం దారిలో పెట్టడం నాకెంతో ఉదాత్తంగా తోచింది. మినియాపొలిస్ గాజు మేడల్లో దీనికి సాటి రాగల గది నాకు కనిపించలేదు.

రైస్ పార్క్ పక్కన ఉన్న ల్యాండ్‌మార్క్ సెంటర్ 1902 నాటి ఫెడరల్ కోర్టు. గులాబీ గ్రానైట్ బురుజులతో కోటలాంటి ఈ కట్టడంలోనే 1930లలో పేరుమోసిన ముఠా నాయకుల మీద విచారణలు జరిగాయి. దీన్నీ పడగొట్టబోతే 1970లలో ఊరివాళ్లు నిలబెట్టుకుని కళా కేంద్రంగా మార్చారు.

అక్కడి నుంచి రాష్ట్ర శాసనసభ భవనానికి నడిచి వెళ్లవచ్చు కానీ, మధ్యలో గోతిలో పారే ఫ్రీవే మీది వంతెన దాటాలి. కొండ మీది క్యాపిటల్‌నూ కింది ఊరినీ వేరుచేసిన ఆ గొయ్యి ఇంటర్‌స్టేట్ 94 పుణ్యమే. సెయింట్ పాల్‌లో పెరిగిన వాస్తుశిల్పి క్యాస్ గిల్బర్ట్ 1905లో ఈ శాసనసభ భవనాన్ని పూర్తిచేశాడు. న్యూయార్క్ ఉల్‌వర్త్ బిల్డింగ్, వాషింగ్టన్‌లోని సుప్రీం కోర్టు ఆయన తర్వాత కట్టినవే. గోడలకూ గుమ్మటానికీ జార్జియా నుంచి తెల్ల చలువరాయి తెప్పిస్తానంటే స్థానిక గ్రానైట్ గనులవాళ్లు గొడవ చేశారు. అంతర్యుద్ధం జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో దక్షిణాది రాయా అన్నది కూడా కొందరి బాధ. చివరికి మెట్లకూ పునాదులకూ మినెసోటా గ్రానైట్, లోపలి గోడలకు కసోటా సున్నపురాయి వాడి రాజీ కుదుర్చుకున్నారు. బయటి తెల్లరాతి సొగసు కంటే, తేనె రంగు కసోటా రాతి మీద పడే లోపలి వెలుతురే ఎక్కువ అందంగా ఉందంటే గిల్బర్ట్ ఆత్మ నొచ్చుకోదనుకుంటాను. గైడుతో పాటు పైకి ఎక్కితే, గుమ్మటం మొదట్లో డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్, ఎడ్వర్డ్ పాటర్ చేసిన బంగారు పూత గుర్రాల రథం పక్కనే నిలబడవచ్చు.

ఈ పోటీకి నాకు దొరికిన చక్కటి నిదర్శనం రెండు చర్చిలు. సెయింట్ పాల్ కేథడ్రల్‌నూ, మినియాపొలిస్‌లోని సెయింట్ మేరీ బసిలికానూ కట్టింది ఒకే వాస్తుశిల్పి, ఇమ్మాన్యుయేల్ మాస్కెరే. 1904 సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనకు ప్రధాన రూపకర్తగా పనిచేసిన ఈ ఫ్రెంచివాణ్ణి ఆర్చిబిషప్ జాన్ ఐర్లండ్ పిలిపించి ఇద్దరికీ ఒక్కొక్కటి కట్టించాడు. ఒకరికి పెట్టి మరొకరికి పెట్టకపోతే ఏమవుతుందో జనాభా లెక్కల గొడవ చూసినవాడికి వేరే చెప్పాలా! కేథడ్రల్ కొండ మీద, రాగి గుమ్మటంతో, 306 అడుగుల ఎత్తున ఊరంతటినీ ఏలుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా జేమ్స్ హిల్ ఎర్ర ఇసుకరాతి మేడ, అక్కడి నుంచి నాలుగున్నర మైళ్ల పొడవున ధనికుల పాత ఇళ్లతో సమ్మిట్ అవెన్యూ. బసిలికా మటుకు వెర్మాంట్ తెల్లరాయి తొడుక్కుని, పక్కన ఫ్రీవే రొద భరిస్తూ పల్లంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్తే ఆ తెల్లదనానికి తగ్గ వెలుగుంది. ఒకే చేతి పనికి కొండ ఎంత హోదా ఇస్తుందో, ఫ్రీవే ఎంత తగ్గిస్తుందో ఈ రెంటినీ ఒకే రోజు చూసినవాళ్లకు తెలుస్తుంది.

అన్నయ్య షరతు ప్రకారం నా తీర్పు ఇది. నది ఒడ్డు మినియాపొలిస్‌ది, గదులు సెయింట్ పాల్‌వి. ఒకదాన్ని వంతెన మీద నిలబడి చూడాలి, మరొకదాన్ని తలుపులు తోసుకుని చూడాలి. అన్నయ్యకు ఇది గోడ మీది పిల్లి వాటం తీర్పుగా కనిపించింది. కోర్టు హాలు ఒక్కటే మొత్తం ఐడీఎస్ సెంటర్‌కు సమానమని ఒప్పుకున్నాను కాబట్టి వదిన మాత్రం తనే గెలిచినట్టు లెక్కేసుకుంది. ఒక్క రోజే ఉన్నవాళ్లు మామూలు పనిదినాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే కోర్టు భవనానికి శనాదివారాలు సెలవు, స్కైవే దుకాణాలు కూడా చాలావరకు మూసే ఉంటాయి. పొద్దున సెయింట్ పాల్‌తో మొదలుపెట్టి, గ్రీన్ లైన్ పట్టుకుని, పొద్దు వాలక ముందే మిల్లు శిథిలాల దగ్గరికి చేరుకునేలా చూసుకుంటే సరిపోతుంది. మ్యూజియం మూసే వేళ మాత్రం ముందే కనుక్కుని బయల్దేరాలి.